దిగుడులో చేతులు మారతాయి

మా అత్తగారి నడుము నొప్పికని చెప్పి నేనొక ఇనుప కుర్చీ ఇంటికి తెచ్చిన రోజు నుంచి మొదలుపెడితేగానీ మీకీ సంగతి అర్థం కాదు. మధ్యలో ఎవరూ నవ్వకూడదు. నవ్వితే లేచి వెళ్ళిపోతాను.

నాది కళ్ళజోళ్ళ దుకాణమని మీకు తెలిసిందే. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆవగింజంత మరలు బిగించడమే నా బతుకు. ఒక్క మర జారి కింద పడిందంటే ఆ పూటంతా నేల మీద పాకడమే. కొనడానికి వచ్చినవాళ్ళు నా వీపుతోనే మాట్లాడి వెళ్ళిపోతుంటారు. అలాంటి వాడికి రెండు చేతులతో పట్టుకుని విప్పాల్సిన బోల్టు మీద మోజు పుట్టిందంటే తప్పా చెప్పండి?

ఆ మోజు నాకు మూతబడ్డ కంకర క్వారీలో పుట్టింది. అక్కడ ముళ్ళపొదల మధ్య ఒక పాత గొలుసు ట్రాక్టరు కూర్చుని ఉంది. చక్రాల బదులు రెండు పక్కలా ఇనుప పలకల గొలుసులుండే రకం. ముందు మట్టి నెట్టే బ్లేడు, వెనక తాడు చుట్టే వించి. స్టీరింగ్ చక్రమనేదే లేదు. రెండు లివర్లు, అంతే. ఎడమది లాగితే ఎడమకి, కుడిది లాగితే కుడికి. వయసులో నాకంటే పదేళ్ళు పెద్దది. దీన్ని మళ్ళీ నడిపించి తీరాలని అక్కడికక్కడే నిశ్చయించుకున్నాను. తీసుకుపోతే అదే పదివేలు అన్నాడు క్వారీ కాపలాదారు, బండి తాలూకు పాత పుస్తకం కూడా చేతిలో పెట్టి.

చిక్కల్లా మా ఆవిడ. అంతకుముందు నేను పాత కుట్టుమిషన్లు బాగుచేసే రోజుల్లో పదకొండు మిషన్లు మంచం కింద చేరాయి. పన్నెండోది మంచం మీదికి వచ్చింది. ఆ రోజు నా చేత మాట తీసుకుంది, "పనికిరాని ఇనుప ముక్క ఇంకొక్కటి కూడా ఈ గడప తొక్కకూడదు" అని. నేను మాట తప్పే మనిషిని కాదు. అందుకే ఆ మాటని తిప్పి తిప్పి చూశాను. "పనికిరాని" అన్న దగ్గర ఒక సందు దొరికింది. పనికొచ్చే ముక్కయితే రావచ్చన్నమాట!

అదీ నా పథకం. ట్రాక్టరుని క్వారీలోనే విప్పి, ఒక్కో ముక్కకీ ఒక్కో ఉద్యోగం వేయించి ఇంటికి చేర్చడం.

మొదట డ్రైవరు సీటు. దానికి నాలుగు కాళ్ళు అతికించి వసారాలో పెట్టాను. అత్తగారు అనుమానంగా కూర్చున్నారు. ఒక్క నిమిషం కళ్ళు మూసుకున్నారు. "నాయనా, నా నడుముని చూసి చేయించినట్టుందే!" అన్నారు. ఆ రోజు నుంచి ఆవిడ ఆ సీటు దిగలేదు.

తర్వాత ఇంజను ముందుండే జాలీ. అది వంటింటి కిటికీకి బిగించాను, పిల్లి రాకుండా. గొలుసు పలకలు డెబ్భై రెండు. వాటిని పెరట్లో కుళాయి దాకా వరసగా పరిచాను, కాళ్ళకి బురద అంటకుండా. మా ఆవిడ వాటి మీద నడిచి చూసి, "ఇన్నాళ్ళకి ఒక మంచి పని చేశారు" అంది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళలో ఆ మాట వినడం రెండోసారి. మొదటిసారి ఎందుకన్నదో మర్చిపోయాను.

బ్లేడు మాత్రం పెద్దది. దాన్ని గేటు పక్కన నిలబెట్టి, "నీ స్కూలుకి బోర్డు" అన్నాను. మా ఆవిడకి డ్రైవింగు స్కూలుంది కదా. దాని పేరు నిదానం డ్రైవింగ్ స్కూల్. పేరు పెట్టింది ఆవిడే, గుణం మాత్రం పేరుది కాదు. బ్లేడు మీద పసుపు రంగుతో పేరు రాయించుకుని మురిసిపోయింది.

ఇలా రెండు నెలలు హాయిగా గడిచాయి. ఆ తర్వాత లారీ మీద ట్రాక్టరు మొండెం వచ్చింది. అయిదు టన్నులు. దానికి ఏ ఉద్యోగమూ వేయించలేకపోయాను.

క్రేను దాన్ని పెరట్లో దించుతుంటే మా ఆవిడ నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఏంటిది?"

"అదీ... మీ అమ్మగారి కుర్చీ ఉంది చూడు."

"ఉంది."

"దాని తాలూకు మిగతాది."

"కుర్చీకి ఇంజనుందా?"

"కొన్నిటికి ఉంటుంది."

ఆవిడ మొండెం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. పలకల బాట వైపు చూసింది, కిటికీ జాలీ వైపు చూసింది, గేటు దగ్గర బోర్డు వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"పెళ్ళయ్యాక మీరు నాకు తెచ్చిన మొదటి గొలుసు. దాన్నీ తొక్కుకుంటూ తిరుగుతున్నాను" అంది.

"బ్లేడూ వించీ కూడా ఉన్నాయి. వాటిని అటాచ్‌మెంట్లంటారు" అన్నాను, మాట మారుద్దామని.

"ఆ మాట ఒకటుందని మీకు తెలుసన్నమాట!" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక చేసేదేముంది? దొరికిన దొంగకి దాపరికమెందుకని బాహాటంగా పనిలోకి దిగాను. సాయానికి ఒక మేస్త్రీ దొరికాడు. నలభై ఏళ్ళు డీజిలింజన్ల పక్కనే బతికి చెవులు రెండూ వాటికే ధారపోసిన మనిషి. ఏం చెప్పినా ముందు "ఆఁ?" అంటాడు. అందుకని మేమంతా ఆఁ మేస్త్రీ అంటాం. ఆ సంగతి ఆయనకి వినపడలేదు.

"బుష్షు అరిగింది మేస్త్రీ!"

"ఆఁ? బస్సు తిరిగిందా? ఎటెళ్ళింది?"

"గ్రీజు పెట్టనా?"

"ఆఁ? ఫ్రిజ్జు ఎందుకండీ, కుండ నీళ్ళు చాలు."

కానీ ఆ చేతుల్లో పనుంది. వేళ్ళతో తడిమి ఎక్కడ పగులుందో చెప్పేవాడు. పిస్టన్లు నాలుగూ తుప్పుతో బిగుసుకుపోతే, డీజిలూ ఆయిలూ కలిపి పోసి నలభై రోజులు నానబెట్టాం. రోజూ చెక్కదిమ్మ పెట్టి పది దెబ్బలు. నలభై ఒకటో రోజున నాలుగో పిస్టను వెంట్రుకవాసి కదిలింది. నేను గట్టిగా అరిచాను. మేస్త్రీకి కూడా వినపడింది. నిజం చెప్పాలంటే, నా దుకాణంలో అంత ఆనందం నేనెప్పుడూ ఎరగను.

అయితే నాకొక గుణముంది. ఒక బోల్టు చేతికొస్తే తుడుస్తాను. వెలుతురులో పెట్టి చూస్తాను. ఇంకొంచెం తుడవచ్చనిపిస్తుంది. అలా రెండేళ్ళు గడిచిపోయాయి.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నేను క్లచ్చి పెట్టెలో తల దూర్చి ఉండగా మా ఆవిడ కాగితాలు పట్టుకుని వచ్చింది.

"ఇక్కడో సంతకం కావాలి."

"ఏంటది?"

"స్కూలు కాగితాలు. చదివి పెట్టండి, కింద చిన్న అక్షరాలు కూడా ఉన్నాయి."

"నువ్వు చదివావుగా?"

"చదివాను."

"మరింకేం" అని సంతకం గీకేశాను. రోజూ వచ్చిన ప్రతివాళ్ళ చేతా అట్ట మీద చిట్టచివరి వరస దాకా అక్షరాలు చదివించే మనిషిని నేను. నా ముందుకొచ్చిన కాగితంలో పై వరస కూడా చదవలేదు. ఆ సంగతి గుర్తుంచుకోండి.

నెల తిరిగింది. ఒక శనివారం పొద్దున మా ఆవిడ పెరట్లోకి వచ్చి, నేను తుడుస్తున్న బోల్టు నా చేతిలోంచి తీసుకుని జేబులో వేసుకుంది.

"పై గురువారం కాదు, ఆపై గురువారం. పదకొండు గంటలకి లైసెన్సు ఆఫీసు నుంచి అధికారి వస్తున్నారు, మన పెరడు చూడ్డానికి. ఆయన సరేనంటే స్కూలుంటుంది. కాదంటే మూసేయడమే."

"మూసేయడమేంటి?"

"చూడట్లేదా మీరు? కారు నేర్చుకునేవాళ్ళంతా పక్క వీధి కొత్త స్కూలుకి పోతున్నారు. నాకు మిగిలింది ముగ్గురు. అందులో ఒకాయన క్లచ్చికీ బ్రేకుకీ తేడా తెలియక ఏడో నెల."

అప్పుడు చూశాను ఆవిడ మొహం. ఎప్పుడూ నన్ను దులిపేసే మనిషి, ఆ రోజు మాట సన్నగా వచ్చింది. నాకు మనసు చివుక్కుమంది.

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

"ఆయన వచ్చేసరికి మీ కుర్చీ తాలూకు మిగతాది లేచి, తన కాళ్ళ మీద తను నడిచి, కింద షెడ్డులోకి వెళ్ళాలి. వెళ్ళిందా, ఆ షెడ్డు దానిదే, జన్మలో అడగను. వెళ్ళలేదా, గ్యాస్ కట్టరాయన వస్తాడు. ముక్కలు కోసి తీసుకుపోతాడు."

"కోస్తాడా? నా బండినే?"

"పన్నెండు రోజులున్నాయి" అని బోల్టు తిరిగిచ్చి వెళ్ళిపోయింది.

నాకు పౌరుషం వచ్చింది. దుకాణం ఒంటిపూట చేశాను. మరలు ఊడినవాళ్ళందరినీ వచ్చే నెల రమ్మన్నాను. పన్నెండు రోజుల్లో ఈ బండి నడవకపోతే నా పేరు మార్చుకుంటానని మేస్త్రీతో అంటే, "ఆఁ? మంచిదే, ఏం పేరు పెట్టుకుంటారు?" అన్నాడు.

ఆ పన్నెండు రోజులు నేను మనిషిలా లేను. రెండేళ్ళలో చెయ్యని పని చేశాం. క్లచ్చి పలకలు ఎక్కించాం. చిన్న పెట్రోలింజను, అంటే పెద్ద డీజిలింజనుని తిప్పి లేపేది, దాన్ని తాడు లాగి లాగి నా భుజం వాచిపోయింది. పెరటి బాట లేపి డెబ్భై రెండు పలకలూ గొలుసుకి బిగించాం. మర్నాడు మా ఆవిడ బురద కాళ్ళతో వంటింట్లోకి వచ్చి నా తువ్వాలుతో తుడుచుకుంది. జాలీ ఊడదీసిన రోజు పిల్లి వచ్చి పాలు తాగి వెళ్ళింది. బ్లేడు ముందు బిగించాం, రంగు చెరిపే తీరిక లేక నిదానం డ్రైవింగ్ స్కూల్ అన్న పేరుతో సహా.

మంగళవారం సాయంత్రం మేస్త్రీ చేతులు కడుక్కుంటూ, పెరటి వాలు వైపు చాలాసేపు చూశాడు. మా పెరడు గేటు దగ్గర ఎత్తు, పోనుపోను పల్లం. ట్రాక్టరు ఎత్తులో ఉంది. పల్లంలో ఎడమ పక్కన రేకుల షెడ్డు. కుడి పక్కన నీళ్ళ తొట్టి, దాని వెనక మా ఆవిడ నేర్పే కారు.

"డాక్టరుగారూ, ఒక్క మాట" అన్నాడు. కళ్ళజోళ్ళు అమ్ముతానని నన్ను డాక్టరంటాడు. "దిగుడులో చేతులు మారతాయి. జాగ్రత్త."

"ఎవరి చేతులు?" అన్నాను.

"ఆఁ? కాళ్ళకేం కాదు" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ మాట నా బుర్రలో దూరి కూర్చుంది. దిగుడు అంటే? స్కూలు దిగజారిపోతోంది కదా, అదీ దిగుడు. చేతులు మారతాయంటే? స్థలాలు చేతులు మారతాయి, ఇళ్ళు చేతులు మారతాయి. నా బండి వేరేవాళ్ళ చేతికి పోతోందన్నమాట! పాత ఇనుము కొట్ల వాళ్ళంతా మేస్త్రీకి తెలిసినవాళ్ళే. ఏదో చెవిన పడి ఉంటుంది. ఆయన చెవిన ఏదీ పడదన్న సంగతి నాకు తట్టలేదు.

దానికి తగ్గట్టు బుధవారం పొద్దున మా ఆవిడ ఫోనులో మాట్లాడుతుంటే విన్నాను. "అవునండీ, బండి ఇక్కడే ఉంటుంది. మీరొచ్చి కళ్ళారా చూసుకోండి. మా ఆయన ఏమీ అనరు, సంతకం కూడా పెట్టేశారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. గడువు కాకుండానే బేరమా? ఏమీ అననా నేను? సరే, నోటితో అనను. నేరుగా పెరట్లోకి వెళ్ళి, వెనకున్న వించి లోంచి ఇనుప తాడు లాగి గేటు స్తంభానికి మూడు చుట్లు చుట్టి, కొక్కెం తగిలించి, తాళం వేశాను. తాళంచెవి దుకాణంలో కళ్ళజోళ్ళ పెట్టెలో దాచాను. నా బండిని ఎవడు లాక్కుపోతాడో చూస్తాననుకున్నాను.

గురువారం వచ్చింది. తొమ్మిదికల్లా అన్నీ సిద్ధం, ఒక్కటి తప్ప. డ్రైవరు సీటు.

"అత్తయ్యగారూ, ఒక్క గంట ఆ కుర్చీ ఇప్పించండి."

"ఇవ్వను నాయనా."

"షెడ్డు దాకా వెళ్ళగానే తిరిగిచ్చేస్తాను."

"పలకలూ ఇలాగే తీసుకెళ్ళారు. జాలీ ఇలాగే తీసుకెళ్ళారు. తిరిగొచ్చాయా? నా కుర్చీ ఎక్కడుంటే నేనక్కడే. కావాలంటే నాతో సహా తీసుకెళ్ళండి."

నేనూ మేస్త్రీ మొహాలు చూసుకున్నాం. టైము పది దాటింది. ఏం చేస్తాం? కుర్చీకి కాళ్ళు కోసి బండి మీద బిగించాం. రెండు స్టూళ్ళు వేసి అత్తగారిని ఎక్కించాం. ఆవిడ తన కుర్చీలో సర్దుకుని కూర్చుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, "ఊఁ, పోనివ్వండి" అన్నారు. నేను పక్కన ఇరుకులో నిలబడి లివర్లు పట్టుకున్నాను.

మేస్త్రీ తాడు లాగాడు. చిన్నింజను దగ్గి, తుమ్మి, అందుకుంది. పెద్దింజనుకి కలిపాం. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత పొగ గొట్టంలోంచి నల్లటి ముద్ద ఒకటి పైకి లేచింది. ఆ వెనకే దడదడమని ఇంజను నిలబడింది! వసారాలో గిన్నెలు గలగలలాడాయి. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ముప్ఫై ఏళ్ళు ముళ్ళపొదల్లో పడున్న బండి నా చేతుల కింద వణుకుతోంది. మా ఆవిడ గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. ఆవిడ కూడా కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. పొగ వల్లేనని ఇప్పటికీ వాదిస్తుంది.

ఫస్టు గేరు వేశాను. బండి కదిలింది.

నాలుగు గజాలు వెళ్ళేసరికి వెనక ఫెళ్ళుమని చప్పుడయింది.

"ఏవండీ! గేటు మీ వెంట వస్తోంది!" అని మా ఆవిడ కేక.

తిరిగి చూద్దును కదా, స్తంభం వేళ్ళతో సహా లేచింది. దాని వెనక గేటు, గేటుకి తగిలించిన ఉత్తరాల పెట్టె, అన్నీ వరసగా వస్తున్నాయి. ముందు రోజు వేసిన తాళం అప్పుడు గుర్తొచ్చింది.

"రానీ! ఎక్కడికి పోతుంది!" అని అరిచాను. ఆగితే మళ్ళీ కదులుతుందో లేదోనని నా భయం.

వాలు మొదలైంది. షెడ్డు ఎడమ పక్కనుంది కదా, ఎడమ లివరు లాగాను. బండి కుడికి తిరిగింది.

సరిగ్గా లాగలేదేమో అని ఇంకొంచెం లాగాను. ఇంకొంచెం కుడికి తిరిగింది.

"అల్లుడుగారూ, షెడ్డు అటు కదా?" అన్నారు అత్తగారు.

"తెలుసు అత్తయ్యగారూ!"

"మరి ఇటెందుకు?"

"ఈ బండినే అడగండి!"

పట్టుదల నా రక్తంలోనే ఉంది. పళ్ళు బిగబట్టి ఎడమ లివరు మొత్తం లాగేశాను. బండి పూర్తిగా కుడికి తిరిగి నీళ్ళ తొట్టిని నెట్టింది. తొట్టి పగిలి నీళ్ళు ఏరులా పారాయి. ఇక ముందున్నది మా ఆవిడ కారు. నాలుగు బారల దూరం.

"బ్రేకు తొక్కండి అత్తయ్యగారూ! మీ కాళ్ళ కిందే ఉంది!"

"మూడున్నాయి నాయనా! ఏది తొక్కను?"

"ఏదో ఒకటి!"

"అలా ఎలా తొక్కుతాను? సరిగ్గా చెప్పాలి కదా!"

ఇంతలో మా ఆవిడ పక్కనుంచి పరిగెత్తుకొచ్చి ఒక్క గెంతులో బండెక్కింది.

"ఎడమది వదలండి! కుడిది లాగండి!"

"షెడ్డు ఎడమ పక్కనుందే!"

"కుడి అంటున్నానా!"

"కుడికే కదా పోతున్నాం!"

ఆవిడ నన్ను ఒక్క తోపు తోసి ఎడమ లివరు విడిపించి, కుడిది లాగింది. కారు అద్దంలో మా ముగ్గురి మొహాలూ కనిపించేంత దగ్గరికి వెళ్ళి, బండి బుద్ధిగా ఎడమకి తిరిగింది. తిన్నగా షెడ్డులోకి నడిచింది. ఆవిడ వాళ్ళమ్మ పాదం పట్టుకుని సరైన బ్రేకు మీద పెట్టి నొక్కింది. బండి ఆగింది. గేటు కూడా వచ్చి గుమ్మంలో ఆగింది.

ఆఁ మేస్త్రీ రొప్పుతూ వచ్చాడు. "చెప్పాను కదండీ, దిగుడులో చేతులు మారతాయని! ఎడమది లాగితే ఎడమ గొలుసుకి ఇంజను పట్టు వదులుతుంది. చదునులో అయితే ఆ గొలుసు వెనకబడుతుంది, బండి అటే తిరుగుతుంది. వాలులో పట్టు వదిలిన గొలుసు ముందుకు పరిగెడుతుంది, బండి రెండో పక్కకి పోతుంది. అందుకే దిగేటప్పుడు ఎడమ చేతి పని కుడి చేత్తో చెయ్యాలి."

"నువ్వు చెప్పింది ఆ చేతులా!" అన్నాను.

"ఆఁ?"

నేను మా ఆవిడ వైపు తిరిగాను. "నీకెలా తెలిసింది?"

"నలభై రెండో పేజీ. క్వారీ కాపలాదారు బండితో పాటు ఒక పుస్తకం ఇచ్చాడు కదా, దాన్ని మీరు దుకాణంలో బల్ల కాలు కింద ఎత్తుకి పెట్టారు. నేను ఆర్నెల్ల కిందటే తీసి చదివాను. మీ బల్ల అప్పట్నించీ ఊగుతూనే ఉంది, మీరే చూసుకోలేదు."

అప్పుడు పై నుంచి ఒక గొంతు వినిపించింది. "ఇక్కడ గేటుండాలి కదండీ?"

చేతిలో కాగితాల కట్టతో, గేటుండాల్సిన చోట ఒకాయన నిలబడి ఉన్నాడు. టైము సరిగ్గా పదకొండు. పెరడంతా నీళ్ళు, ఇటుకలు, పొగ. స్కూలు మూతబడ్డట్టే, అదీ నా వల్ల. ఆవిడ బతుకుదెరువు పాడుచేశానన్న సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"అయ్యా, తప్పంతా నాది. ఈవిడకేం సంబంధం లేదు..." అని మొదలుపెట్టాను.

ఆయన నన్ను పట్టించుకోలేదు. నీళ్ళలోంచి పంచె... కాదు, ప్యాంటు పైకి మడుచుకుని దిగి వచ్చాడు. బ్లేడు మీద పసుపు అక్షరాలు చదివాడు. కాగితంలో టిక్కు పెట్టాడు.

"స్కూలు పేరు బండి మీద ఉంది, సరే. శిక్షణ ఇచ్చేది మీరేనా అమ్మా?"

"నేనేనండీ."

"పై నుంచి అంతా చూశాను. బండి అదుపు తప్పినప్పుడు ట్రైనీ చేతిలోంచి ఎలా తీసుకోవాలో, అదీ వాలులో, ఇంత బాగా చేసి చూపించినవాళ్ళు ఇంతవరకూ లేరు." ఇంకో టిక్కు పెట్టాడు. "ఇంతకీ ట్రైనీ ఎవరు?"

మా ఆవిడ నా వైపు చూసింది. "ఈయనే. మొదటి బ్యాచి."

"కాస్త వయసు మళ్ళినట్టుందే?"

"నేర్చుకోవాలని పట్టుదల ఎక్కువండీ."

ఆయన కాగితం పైకెత్తి గట్టిగా చదివాడు. "గొలుసు ట్రాక్టరు ఒకటి, బ్లేడు, వించితో సహా, నిదానం డ్రైవింగ్ స్కూలుకి శిక్షణ నిమిత్తం ఇష్టపూర్వకంగా అప్పగించడమైనది." అడుగున చిన్న అక్షరాల కింద నా సంతకం, పక్కన గ్రీజు బొటనవేలి ముద్ర.

ఆయన వెళ్ళాక నేను ఆవిడ మీద విరుచుకుపడ్డాను.

"పెరడు ఖాళీ చెయ్యాలన్నావు!"

"ఎప్పుడన్నాను? పెరడు చూడ్డానికి వస్తారన్నాను. బండి పెరట్లోనే కదా ఉంది."

"మరి గ్యాస్ కట్టరు?"

"అలాంటాయన ఎవరో నాకు తెలిస్తే కదా! రెండేళ్ళు ఒకే బోల్టు తుడిచారు మీరు. భయపెట్టకపోతే ఆ బండి మన షష్టిపూర్తికి కూడా లేచేది కాదు. కారు ఏ వీధిలోనైనా నేర్పుతారు. గొలుసు బండి నేర్పేది ఎవరు? ఆ ఆలోచన వచ్చాకే మీ మీద కోపం పోయింది నాకు." బ్లేడు మీద చెయ్యి వేసి, "చాలా బాగా చేశారండీ బండి" అంది మెల్లగా.

ఆ మాటకి నా కోపం కాస్తా నీరుగారిపోయింది. ఏం చెయ్యను, నిజంగానే బాగా చేశాను.

ఇప్పుడు స్కూలు కిటకిటలాడుతోంది. క్వారీల నుంచి, చెరువు పనుల దగ్గర్నుంచి నేర్చుకోవడానికి వస్తున్నారు. పొద్దున ఒక బ్యాచి, సాయంత్రం ఒక బ్యాచి. గ్రీజు పెట్టడం, బోల్టులు బిగించడం నా వంతు. నడపడానికి మాత్రం నాకు ఆదివారం అరగంట. అది కూడా ముందు ఎర్ర ఎల్ బోర్డు కట్టి, పక్కన ఆవిడ నిలబడితేనే. అత్తగారి కుర్చీ బండి మీదే ఉండిపోయింది కాబట్టి ఆవిడ కూడా వస్తారు.

పరీక్ష రెండుసార్లు తప్పాను. మొదటిసారి దిగుడులో చేతులు సరిగ్గానే మార్చాను గానీ, ఎక్కుడులో కూడా మార్చేశాను. మొన్న ఆదివారం రెండోసారి. ఎక్కడా ఒక్క తప్పు లేదు. అత్తగారు కూడా చప్పట్లు కొట్టారు. అయినా మా ఆవిడ కాగితం మీద ఇంటూ పెట్టింది.

"ఇదన్యాయం! ఎందుకు తప్పించావు?"

"దిగేముందు హారన్ కొట్టలేదు."

"ఆ బండికి అసలు హారనే లేదు కదా!"

"ఆ మాట దాన్ని బాగుచేసినాయన్ని అడగండి" అని తర్వాతి వాణ్ణి పిలిచింది.

అందుకని మరి నేను లేవాలి. హారన్లమ్మే కొట్టు ఆరింటికే కట్టేస్తారు.